శ్రద్ధయు యుక్తియు: మధ్యయుగ క్రైస్తవ మీమాంసయందలి సమన్వయము

ఈశ్వరవాక్యమును నమ్మినవాఁడు దానిని విచారింపవచ్చునా? విచారించి తెలిసికొనఁదగినదైనచో నమ్మికతోఁ బనియేమి? నమ్మియే తీఱవలసినదైనచో విచారమునకు ఫలమేమి? ఈ ప్రశ్నలు ఏదో యొక మతమునకుఁ జెందినవి కావు. అయినను పశ్చిమదేశములందలి క్రైస్తవపండితులు 11వ శతాబ్దినుండి 14వ శతాబ్ది వఱకు వీనిని విడువక విచారించి, యొక సిద్ధాంతమును నిలిపిరి. ఆ సిద్ధాంతము 17వ శతాబ్ది మొదట, తెలుఁగు నాయకరాజుల యేలుబడిలోనున్న మధురాపురమున, ఒక తెలుఁగు బ్రాహ్మణునియొద్ద సంస్కృతము చదివిన యిటలీదేశీయుని మూలమున మన శాస్త్రపరిభాషతో గాఢమైన సంపర్కమును పొందెను. అది తర్కమీమాంసావ్యాకరణములు చదివినవారి కెంతవఱకుఁ బరిచితమైనదో, ఎచ్చట భిన్నమైనదో యిందు నిరూపింపఁబడుచున్నది.

శబ్దార్థవిచారము

మొదట శబ్దములను శోధింపవలెను. శ్రద్ధాశబ్దము "శ్రత్" అను నవ్యయముతోఁ గూడిన "ధా" ధాతువువలన నేర్పడినది. లాటినుభాషయందు "నమ్ముచున్నాను" అను నర్థముగల "క్రేదో" అను క్రియయు నీ మూలములనుండియే పుట్టినదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. క్రైస్తవులు ఆరాధనకాలమునఁ జెప్పు మతసంగ్రహము లాటినున నీ క్రియతోడనే యారంభమగును. తెలుఁగు క్రైస్తవులు దానికి "విశ్వాసప్రమాణము" అని పేరిడిరి. ప్రమాణశబ్దమునకు లోకమున ఒట్టు అనియు, శాస్త్రమున యథార్థజ్ఞానసాధనమనియు రెండర్థములు గలవు. విశ్వాసము ఒట్టువంటిది మాత్రమేనా, జ్ఞానసాధనము కూడనా యనునదియే యీ విచారమంతటికిని మూలము.

విశ్వాసశబ్దమునందలి ధాతువు "శ్వస్". ఊపిరి తీయుట దాని యర్థము. ఎవనియొద్ద మనుజుఁడు జంకులేక నెమ్మదిగ నూపిరి పీల్చునో వానియందు విశ్వాసము కలదని లోకానుభవము. కాఁబట్టి శ్రద్ధ వాక్యమును మనసునఁ బెట్టుకొనుట, విశ్వాసము వక్తయందు నిలుచుట యని సూక్ష్మభేదమును గ్రహింపవచ్చును. ఇఁక రెండవ పక్షమున యుక్తి "యుజ్" ధాతువునుండి వచ్చి, ఒకదానితో నొకటి పొసఁగుటను జెప్పును. దీనికి లాటినుపండితులు వాడిన "రాతియో" అను పదమునకు లెక్క యని మూలార్థము. తర్కమన్ననో, నైయాయికుల మతమున స్వతంత్రప్రమాణము కాదు. ప్రమాణములకుఁ దోడ్పడు నూహ మాత్రమే. కావున శ్రద్ధకును తర్కమునకును వైరమని చెప్పుట సరికాదు. నిజమైన జంట శబ్దానుమానములు. ఆప్తవాక్యమువలనఁ దెలియునదియు, హేతువువలన నూహింపఁబడునదియు విరోధించినట్లు తోఁచినపుడు ఏది నిలుచును? ఇదియే ప్రశ్న.

పొగయు మంచును

తార్కికుల పర్వతదృష్టాంతము సుప్రసిద్ధము: కొండపైఁ బొగ కానఁబడినచో నిప్పు కలదని యనుమానము. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గూడెం కొత్తవీధి ప్రాంతపు కొండలలో నీ దృష్టాంతము పుస్తకమునకే పరిమితమైనది కాదు. పోడు వ్యవసాయమునకై నఱికి యెండఁబెట్టిన కంపను కాల్చునపుడు పొగ లేచును. చలికాలపు వేకువను లోయలనుండి మంచును లేచును. దూరమున నిలిచి చూచువానికి రెండు నొక్కతీరుగనే తోఁచును. మైదానమునుండి వచ్చినవాఁడు మంచును జూచి పొగయని భ్రమించి, నిప్పు కలదని నిశ్చయించును. ఆ కొండమీఁద నివసించువాఁడు "అది మంచు" అని చెప్పును. ఇచ్చట ఆప్తవాక్యము అనుమానమును బాధించినట్లు కానఁబడును. నిజమున బాధింపఁబడినది అనుమానము కాదు, అనుమానాభాసము. పొగయే లేనిచోటఁ బొగను హేతువుగఁ జెప్పుటవలన హేతువు అసిద్ధమైనది. ఆ దోషమును బాటసారి దగ్గఱకుఁ బోయి తానే కనుఁగొనవచ్చును. మఱియు కొండకు ఆవలి ప్రక్కనున్న పల్లెలో నేమి జరుగుచున్నదో తెలియుటకు ఈవలి ప్రక్క నే గుర్తును లేదు. అచ్చటినుండి వచ్చినవాని మాటయే శరణము. మధ్యయుగ క్రైస్తవుల మతభేదము లన్నియు నీ దృష్టాంతమున నిముడును.

అన్సెల్మును అబెలార్డును

నార్మండీలోని బెక్ మఠమున నుండి, 1093లో కాంటర్‌బరీ యార్చిబిషప్పైన అన్సెల్ము (1033-1109) నమ్మిన తరువాత తెలిసికొన యత్నింపకుండుట అలసత్వమని తలఁచెను. 1077-78 ప్రాంతమున నతఁడు వ్రాసిన గ్రంథమునకు, విశ్వాసము జ్ఞానమును వెదకుచున్నదను నర్థము వచ్చు పేరు మొదట నుంచెను. అందతఁడు, దేనికంటె గొప్పది ఊహింపరాదో అది దేవుఁడు. బుద్ధియందు మాత్రమే యుండుదానికంటె వెలుపలఁగూడ నుండునది గొప్పది. కావున దేవుఁడు వెలుపలఁగూడ నుండితీఱవలెనని వాదించెను. అతని కాలముననే గౌనిలో అను సన్న్యాసి, యీ తీరున సర్వోత్తమమగు ద్వీపమొకటి సముద్రమున నున్నదనియు సాధింపవచ్చునుగదా యని యాక్షేపించెను. ఈ వాదము మన వైయాకరణులకుఁ గ్రొత్త కాదు. అత్యంతము లేనివస్తువునుగూర్చియు శబ్దము జ్ఞానమును పుట్టింపఁగలదని కుమారిలభట్టు చెప్పెను. శబ్దార్థమునకు బుద్ధిస్థమగు సత్తను వైయాకరణు లంగీకరింతురు గాని, దానినిబట్టియే బాహ్యసత్త సిద్ధించునని చెప్పరు. గౌనిలో వాదము విశ్వాసిచే విశ్వాసిపైఁ జేయఁబడినదనుట గమనింపఁదగినది. అతఁడు దేవుని లేఁడనలేదు. ఆ హేతువు చాలదనెను.

అబెలార్డు (1079-1142) మఱియొక మార్గమును ద్రొక్కెను. అతఁడు 158 ప్రశ్నలను గ్రహించి, ప్రతిదానికిని పూర్వాచార్యుల వాక్యములలో అవుననునవియు కాదనునవియు నెదురెదురుగఁ గూర్చెను. పాఠదోషము కలదేమో, ఒకే శబ్దమును ఇద్దఱు వేర్వేఱర్థములలో వాడిరేమో, ఒకఁడు తరువాత తన మాటను దిద్దుకొనెనేమో శోధింపవలెనని పీఠికయందు నియమములను జెప్పెను. విరుద్ధములుగఁ దోఁచు వేదవాక్యములకు మీమాంసకులు చేయు సమన్వయమునకు నిది చాల దగ్గఱ. కాని యతని కాలము దీనిని సహింపలేదు. 1121లో స్వాసోఁ సభవారు అతని గ్రంథము నొకదానిని అతనిచేతనే యగ్నిలో వేయించిరి. 1140 ప్రాంతమున సాన్స్ సభలో బెర్నార్డు ప్రేరణచే నతని వాక్యములు మరల ఖండింపఁబడెను. బెర్నార్డు భయము నిరాధారము కాదు: రహస్యము లన్నింటిని యుక్తికి లోఁబఱచిన తరువాత నమ్ముటకు మిగులునదేమి? అయినను గ్రంథమును గాల్చుట ప్రశ్నకు సమాధానము కాదు.

అక్వినాసు సిద్ధాంతము

12వ శతాబ్దిలో అరిస్టాటిలు గ్రంథములు స్పెయిను దేశపు టోలెడో మొదలగు పట్టణములందు అరబ్బీనుండి లాటినులోనికి వచ్చెను. వాని తరువాత ఇబ్న్ రుష్దు (1126-1198) వ్యాఖ్యలును యూదపండితుఁడగు మైమోనిడీసు (1138-1204) విచారములును వచ్చెను. పారిసునగరమున 1210లోను 1215లోను అరిస్టాటిలు ప్రకృతిగ్రంథముల పాఠము నిషేధింపఁబడెను. 1255లో నా విద్యాపీఠముననే యవి పాఠ్యములయ్యెను. ఈ మార్పునడుమఁ బెరిగినవాఁడు థామస్ అక్వినాసు (1225-1274).

అతని మహాసంగ్రహము 1265 ప్రాంతమున నారంభింపఁబడి, 1273 డిసెంబరున నతఁడు వ్రాయుట మానుటచే నసంపూర్ణముగ నిలిచినది. దానిని దెఱచిన మీమాంసాధ్యాయికి నాశ్చర్యము కలుగక మానదు. మన యధికరణమునకు విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యని యైదంగములు. అక్వినాసు ప్రతి ప్రకరణమును "ఇది కలదా లేదా" యను సంశయముతో నారంభించును, తరువాత పూర్వపక్షములను వరుసగఁ జెప్పును, వానికెదురుగ నొక ప్రామాణికవచనమును జూపును, సిద్ధాంతము చెప్పును, కడపట ప్రతి పూర్వపక్షమునకును వేర్వేఱుగ సమాధానమిచ్చును. దేవుఁడు కలఁడా యను ప్రశ్నకు రెండు పూర్వపక్షములను గ్రహించెను. లోకమున దుఃఖమును పాపమును ఉన్నవి గనుక సర్వోత్తముఁడు లేఁడనునది మొదటిది. ప్రకృతి పురుషప్రయత్నములచేతనే సర్వమును సమకూరుచుండఁగా నీశ్వరునితోఁ బనిలేదనునది రెండవది. సాంఖ్యులును మీమాంసకులును ఎఱిఁగిన యాక్షేపములే యివి. ప్రతిపక్షమును బలహీనముగఁ జెప్పి గెలుచుట యతని మార్గము కాదు.

అతని సిద్ధాంతసారమిది. ఈశ్వరవిషయమున సత్యములు రెండు తెగలు. ఈశ్వరుఁడు కలఁడు, ఒక్కఁడే యున్నాఁడు మొదలగునవి యుక్తిచేతను దెలియవచ్చును. అయినను అందఱికి తీఱికయు శక్తియు నుండవు గనుక నవియు వాక్యరూపమున నీయఁబడెను. త్ర్యేకత్వము, దేవుని మనుష్యావతారము మొదలగునవి యుక్తికి అందవు, వాక్యమువలననే తెలియును. ఈ రెండవ తెగయందు యుక్తికి రెండే పనులు: లోకసిద్ధమగు సాదృశ్యములచే గ్రహణమునకుఁ దోడ్పడుట, ఆక్షేపించువాని హేతువునందలి దోషమును జూపుట. సాధించుట దాని పని కాదు. ఒక్క విషయము ఒక్కనికే యేకకాలమున దృష్టమును విశ్వసితమును గానేరదనియు నతఁడు చెప్పెను. నిప్పును గన్నులారఁ జూచినవానికి కొండవాని మాటతోఁ బనిలేదు గదా.

ఇందు వైయాకరణుల కెఱుకయైన న్యాయ మొకటి కలదు. రెండు సూత్రములకు విప్రతిషేధము చెప్పుటకుముందు వాని విషయ మొక్కటియేనా యని చూడవలెను. విషయము వేఱైనచో విరోధమే లేదు. అక్వినాసు చేసిన సమన్వయము రెండు పక్షములను సగము సగము వదలుకొనిన రాజీ కాదు, విషయవిభాగము. విభాగమునకు మీఱియు విరోధము తోఁచినచో నేమి చేయవలెను? రెండు ప్రమాణములకును మూల మొక్క యీశ్వరుఁడే గనుక యథార్థమైన విరోధ ముండనేరదు. హేతువునందు దోషమైన నుండవలెను, వాక్యార్థగ్రహణమునందు దోషమైన నుండవలెను. ఆ దోషమును వెదకి చూపవలసినదియు యుక్తియే. "అది మంచు" అని చెప్పుట చాలదు. దగ్గఱకుఁ దీసికొనిపోయి చూపవలెను.

జగదనాదిత్వవివాదము

సిద్ధాంతమునకు కఠినపరీక్ష జగత్తునకు ఆది కలదా యను ప్రశ్నవలన వచ్చెను. జగత్తు అనాదియని అరిస్టాటిలు మతము. సృష్టికి మొదలు కలదని క్రైస్తవుల విశ్వాసము. బొనవెంతురా మొదలగువారు జగత్తు అనాది కానేరదని యుక్తిచేతనే సాధింపవచ్చుననిరి. పారిసున సిజేరు మొదలగు కొందఱు అధ్యాపకులు అరిస్టాటిలు మార్గమున నడచుచు, విశ్వాసమునకు విరుద్ధమైనను తత్త్వశాస్త్ర మిట్లు చెప్పుచున్నదని పాఠము చెప్పిరి. వారు రెండు సత్యముల నంగీకరించుచున్నారని ప్రతిపక్షులు నింద మోపిరి.

అక్వినాసు ఇరుపక్షములను విడిచెను. జగత్తు అనాదియని అరిస్టాటిలు చూపిన హేతువులు నిర్ణాయకములు కావు; ఆది కలదని బొనవెంతురాదులు చెప్పు హేతువులును నిర్ణాయకములు కావు. సృష్టియనఁగా ఈశ్వరాధీనమగు సత్త. ఆధీనత అనాదియైనను నుండవచ్చును. ఆది కలదనునది వాక్యమువలననే తెలియును. సాధింపరానిదానిని దుర్బలహేతువులతో సాధింపఁబూనినచో, ఇట్టి హేతువులవలననే వీరు నమ్ముచున్నారని యితరులు నవ్వుదురని యతఁడు హెచ్చరించెను. అతని సిద్ధాంతమున కిది జీవము. స్వపక్షమునకు అనుకూలమైనను అనుమానాభాసమును అభాసమే యనవలెను. నిప్పు నిజముగ నుండినను, మంచును జూచి నిప్పు కలదనుట జ్ఞానము కాదు.

ఈ నిష్పక్షపాతమునకు నతని పేరు కొంత మూల్యము చెల్లించెను. అతఁడు మృతినొందిన మూఁడేండ్లకు, 1277 మార్చి 7వ తేదిని, పారిసు బిషప్పగు ఎతియెన్ తాంపియే 219 వాక్యములను నిషేధించెను. వానిలోఁ గొన్ని అక్వినాసు మతమును దాఁకునవి. 1323లో నతఁడు పునీతుఁడుగఁ బ్రకటింపఁబడెను; 1325లో నాతనికి సంబంధించినంతవఱకు నా నిషేధము తొలఁగింపఁబడెను. 14వ శతాబ్దిలో ఓకాము మొదలగువారు యుక్తి సాధింపఁగల భాగమును మిక్కిలి కుదించిరి. అయినను విషయవిభాగమను మూలసూత్రము నిలిచెను. జెసూటు సంఘము తన విద్యాలయములందు ఈశ్వరశాస్త్రమునకు అక్వినాసునే ప్రధానాచార్యునిగ గ్రహించెను.

మధురాపురవాదము

ఆ విద్యాలయములఁ జదివినవాఁడు రాబర్టు దె నోబిలి (1577-1656). ఇతఁడు 1605లో భారతదేశమునకును, 1606లో మధురకును వచ్చెను. నాఁడు మధుర నేలుచున్నవారు తెలుఁగు నాయకులు. శివధర్ముఁడను తెలుఁగు బ్రాహ్మణుఁ డతనికి సంస్కృతము చెప్పెను. తమిళమును తెలుఁగును గూడ నభ్యసించి, కాషాయము ధరించి, శాకాహారియై, యతఁడు సన్న్యాసివలె నుండెను. శిష్యుఁడగు నోబిలివలన గురువగు శివధర్ముఁడు 1609లో క్రైస్తవమతమును స్వీకరించెను. అంతకుముందు ఒక బడిపంతులతో నోబిలి దినమునకు నాలుగైదు గంటలచొప్పున ఇరువది దినములు వాదము చేసెను. ఈశ్వరైకత్వము, సృష్టి, జన్మాంతరము అందు విషయములు. మొదట నాతఁడు తన మతగ్రంథమును ప్రమాణముగఁ జూపలేదు. ఎదుటివాఁ డంగీకరింపని ప్రమాణము వాదమునఁ జెల్లదు గదా. ఉభయసమ్మతమగు యుక్తిచే సాధ్యమైనదానిని ముందు సాధించి, రహస్యములను దరువాతఁ జెప్పుట అక్వినాసు క్రమమే. ఆత్మనిర్ణయము, పునర్జన్మాక్షేపము, దూషణధిక్కారము అను నతని గ్రంథనామములే వాదమార్గమును దెలుపుచున్నవి. వేదము, గురువు, ప్రసాదము, పూజ యను మన శబ్దములను క్రైస్తవార్థములందు నాటినవారిలో నతఁడు ముఖ్యుఁడు. నేఁటికిని తెలుఁగు కథోలికులు తమ యారాధనను పూజయనియు, దానిని జరపువానిని గురువనియు నందురు.

విషయవిభాగమును నోబిలి ఆచారములకును వర్తింపఁజేసెను. యజ్ఞోపవీతము, శిఖ, చందనము, స్నానము అనునవి మతచిహ్నములా, కులమర్యాదలా? రెండవదే యైనచో క్రైస్తవుఁడైనవాఁడు వానిని విడువనక్కఱలేదు. తోడి మతప్రచారకు లితనిపై నేరము మోపఁగా, 1613లో ధర్మశాస్త్రవచనముల నుదాహరించుచు లాటినున నొక ప్రబంధము వ్రాసెను. 1623 జనవరి 31వ తేదిని పోపు పదునేనవ గ్రెగొరీ కొన్ని నియమములతో నతని పక్షము నంగీకరించెను. 1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు ఇట్టి యాచారములలోఁ బెక్కింటిని నిషేధించెను. ఈ వాదమున నొక కొఱఁత కలదు. ఉపనయనము మంత్రపూర్వకమగు సంస్కారము. దానినుండి యజ్ఞోపవీతమును వేఱుచేసి కేవల లౌకికచిహ్నమనుట ధర్మశాస్త్రజ్ఞులకు సులభముగ నొప్పుకొనఁదగినది కాదు. కులమర్యాద మతమునకు వెలుపలిదనుటవలన కులభేదము సంఘమునందు నిలుచుటకును మార్గమేర్పడెను. విషయవిభాగము పదునైన కత్తి; ఎచ్చటఁ గోయవలెనో తెలియనిచో నంగమునే కోయును.

సామ్యభేదములు

అక్వినాసు ఈశ్వరుని యుక్తిచే సాధించి, పిదప నీశ్వరుని యాప్తత్వమువలన వాక్యమునకుఁ బ్రామాణ్యము చెప్పెను. ఉదయనాచార్యుఁడు న్యాయకుసుమాంజలియందు కార్యత్వాదిహేతువులచే నీశ్వరుని సాధించినదియు, నైయాయికులు వేదప్రామాణ్యమును ఈశ్వరుని యాప్తత్వముపై నిలుపుటయు నీ క్రమమే. ఆప్తవాక్యమే శబ్దప్రమాణమని తర్కసంగ్రహమున నేర్పిన అన్నంభట్టు ఆంధ్రుఁడు. మీమాంసకుల మార్గము వేఱు. వేదము అపౌరుషేయము గనుక దానికి వక్తృదోషము లేదని వారి వాదము. క్రైస్తవమతమున వక్తయే ప్రధానము. వక్త లేని వాక్య మచ్చట లేదు. అందుచేతనే శ్రద్ధకంటె విశ్వాసశబ్దము వారి యర్థమునకు దగ్గఱగ నుండి తెలుఁగు బైబిలునందు స్థిరపడినది.

మఱియొక భేదము ముఖ్యమైనది. నైయాయికునికి ఆప్తవాక్యమువలనఁ గలుగునది జ్ఞానమే. అక్వినాసునకు విశ్వాసము జ్ఞానమునకు లోఁబడిన మఱియొక స్థితి: విషయము స్పష్టముగఁ గానఁబడదు, అయినను ఈశ్వరానుగ్రహముచేఁ బ్రేరితమైన యిచ్ఛ బుద్ధిని వాక్యమునందు నిలుపును. కాఁబట్టి యుక్తిచే నెవనినైనను విశ్వాసిగఁ జేయవచ్చునని యతఁ డనలేదు. అడ్డుగనున్న రాళ్లను దొలఁగింపవచ్చును. నడువవలసినవాఁడు తానే నడువవలెను.

1879లో పోపు పదుమూఁడవ లియో అక్వినాసు పఠనమును మరల విధించెను. 1998లో పోపు రెండవ జాన్ పాల్ శ్రద్ధాయుక్తుల సంబంధమునే విషయముగఁ గొని యొక లేఖను వెలువరించెను. ప్రశ్న ముగిసినది కాదు. ఈ విచారమువలన క్రైస్తవులకు మాత్రమేకాక, ఏ శాస్త్రమును ప్రమాణముగఁ గొనినవారికైనను సిద్ధించు నియమములు మూఁడు. ఆక్షేపించువాని హేతువును జూడక త్రోసివేయరాదు. దానిని హేతువుచేతనే పరిహరింపవలెను. విషయము వేఱైనచోట విరోధమును గల్పింపరాదు. విషయ మొక్కటియైనచోట వేఱని తప్పించుకొనరాదు. తన నమ్మికకు అనుకూలమైనదని దుర్బలహేతువును జేపట్టరాదు. ఈ మూఁడింటిలోఁ గడపటిదియే కష్టతమము. శ్రద్ధావంతుని సత్యనిష్ఠ తెలియునదియు నచ్చటనే.